పెళ్ళి దాటిన సంబంధం, కర్తవ్య నీతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు కొందరు వాదన కోసం అడుగుతారు, కొందరు మాత్రం నిజంగా నిద్ర పట్టక అడుగుతారు. రెండో రకం వాళ్ళని మనసులో పెట్టుకునే ఇది రాస్తున్నా. ముందే ఒక మాట, ఇక్కడ ఎఫైర్ అన్న చోటల్లా పెళ్ళయిన మనిషి తన భార్యకో భర్తకో తెలియకుండా ఇంకొకరితో పెట్టుకున్న సంబంధం అనే అర్థం. ఇద్దరికీ తెలిసి ఒప్పుకుని ఉంటే అది వేరే సంగతి, దాని గురించి కింద విడిగా రాశా.

కర్తవ్య నీతి అంటే సింపుల్‌గా ఏంటి?

ఒక పని మంచిదా చెడ్డదా అనేది చివరికి ఏం జరిగింది అన్నదాన్ని బట్టి కాకుండా, ఎదుటి మనిషికి మనం బాకీ ఉన్నది ఇచ్చామా ఎగ్గొట్టామా అన్నదాన్ని బట్టి చూడటం. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, అబద్ధమాడి మోసం చేయకూడదు, మనిషిని వస్తువులా వాడుకోకూడదు, ఇలాంటివి మనకి లాభం ఉన్నా లేకపోయినా మన మీద ఉండే బాధ్యతలు అంటుంది. దీన్నే డియోంటాలజీ అని కూడా అంటారు. ఈ ఆలోచనకి పెద్ద దిక్కు ఇమ్మాన్యుయేల్ కాంట్ అనే జర్మన్ ఫిలాసఫర్ (1724–1804), 1785లో రాసిన ఒక చిన్న పుస్తకంలో దీనికి పునాది వేశాడు. దీనికి ఎదురుగా నిలబడేది ఫలితాల నీతి, అంటే బెంథామ్, మిల్ లాంటి ఇంగ్లీష్ ఫిలాసఫర్ల సుఖదుఃఖాల లెక్క, ఎక్కువమందికి ఎక్కువ సుఖం ఇచ్చే పని మంచి పని అని.

"ఎవరికీ తెలియలేదు, ఎవరూ బాధపడలేదు, ఇల్లు సాఫీగా నడుస్తోంది. ఇంక తప్పేముంది?"

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. నిజం చెప్పాలంటే సుఖదుఃఖాల లెక్కే వేస్తే దీనికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే బాధ కనిపించట్లేదు కాబట్టి ఖాతాలో నష్టం సున్నా అని చూపిస్తుంది. కర్తవ్య నీతి అడిగేది వేరు. మీ భార్య గానీ భర్త గానీ రోజూ కొన్ని నిర్ణయాలు తీసుకుంటున్నారు కదా, ఈ మనిషితో ఉండాలి, ఈ మనిషి కోసం ఆ ఉద్యోగం వదులుకోవాలి, ఇంకో బిడ్డని కనాలి, లోన్ మీద సంతకం పెట్టాలి అని, ఇవన్నీ "నా మనిషి నాకిచ్చిన మాట మీదే ఉన్నాడు" అన్న నమ్మకం మీద తీసుకుంటున్నారు. ఆ నమ్మకం అబద్ధమని మీకు తెలుసు, వాళ్ళకి తెలీదు. అంటే వాళ్ళ జీవితం గురించిన నిర్ణయం వాళ్ళ చేతిలోంచి లాగేసి మీరు తీసుకున్నారు, అదీ వాళ్ళకి తెలియకుండా.

నాకు తెలిసిన ఒకావిడ సంగతి చెప్తా. భర్త ఫోన్ ఎప్పుడూ టేబుల్ మీద బోర్లించి ఉండేది, లేట్ అయిన ప్రతిసారీ ఒక కారణం రెడీగా ఉండేది. ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండోసారి ఆయన చాలా మెల్లగా, ప్రేమగానే, "నీకు అనుమానం జబ్బులా తయారవుతోంది, ఒకసారి ఎవరికైనా చూపించుకుందాం" అన్నాడు. ఆవిడ నమ్మింది. కౌన్సెలింగ్‌కి వెళ్ళింది, వారం వారం, తన అనుమానం తగ్గించుకోవడానికి. డ్రాప్ చేసి, పికప్ చేసుకున్నది కూడా ఆయనే. ఆ నెలల్లో ఆవిడ కొంచెం కుదుటపడింది కూడా, నా తప్పే అనుకుని ఆయనకి సారీ చెప్పింది. సుఖదుఃఖాల లెక్కలో ఆ నెలలు బాగా గడిచినట్టే లెక్క. కానీ ఆవిడ కరెక్టుగా చూసింది, కరెక్టుగా అడిగింది, తన కళ్ళనే తను నమ్మకుండా చేశారు. తర్వాత విషయం బయటపడకపోయినా ఆ పని అంతే ఘోరం అని నా గట్టి నమ్మకం, బయటపడటం వల్ల అది తప్పు అవ్వలేదు, బయటపడటం వల్ల తప్పు కనిపించింది అంతే.

కాంట్ చెప్పిన "అందరూ ఇలాగే చేస్తే" టెస్ట్ దీనికి ఎలా పనికొస్తుంది?

ఆయన ఇచ్చిన ఉదాహరణ అప్పుది. డబ్బు అవసరం పడ్డ మనిషి, తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకుంటాడు. అవసరం పడితే అబద్ధపు మాట ఇవ్వొచ్చు అన్నది అందరికీ రూల్ అయితే ఇంక ఎవరి మాటా ఎవరూ నమ్మరు, అప్పు పుట్టదు, ఆ అబద్ధం కూడా పనిచేయదు. అంటే మోసగాడు తాను తెంచుతున్న నమ్మకం మీదే కూర్చుని ఉన్నాడు. ఎఫైర్ కూడా అంతే, "విసుగొచ్చినప్పుడు ఇచ్చిన మాట పక్కన పెట్టేసి, పెట్టలేదని నమ్మిస్తా" అన్నది అందరి రూల్ అయితే పెళ్ళినాడు ఇచ్చిన మాటకి ఏ విలువా ఉండదు, దాచాల్సిన అవసరం కూడా రాదు.

దీనికి చాలామంది అనేది "ఎంతమంది చేస్తున్నా పెళ్ళిళ్ళు ఆగలేదుగా" అని. ఆ టెస్ట్ జనం ఏం చేస్తారో జోస్యం చెప్పేది కాదు, నాకు మాత్రం మినహాయింపు కావాలి, మిగతా అందరూ మాట మీద నిలబడాలి అని నేను కోరుకుంటున్నానా అని నన్ను నేను అడుక్కునేది. నా భార్య కూడా ఇదే చేసి ఇలాగే దాచితే పర్లేదా అని అడిగితే చాలామందికి గొంతులో మాట ఆగిపోతుంది.

అయితే ఈ టెస్ట్‌లో ఒక లొసుగు ఉందని కూడా చెప్పాలి. "నా లాంటి పరిస్థితిలో ఉన్న, నా వయసున్న, పదిహేనేళ్ళ పెళ్ళిలో ఒంటరిగా మిగిలిపోయిన మనిషి మాత్రమే" అని షరతులు పెంచుకుంటూ పోతే ఏదైనా పాసయిపోతుంది. మీరు నిజంగా ఏ కారణంతో ఆ పని చేస్తున్నారో అదే రాయాలి తప్ప గెలవడానికి రాసుకున్నది కాదు అని దీనికి జవాబు ఉంది గానీ, నాకైతే కాంట్ చెప్పిన రెండో మాటే ఎఫైర్ విషయంలో ఎక్కువ బలమైనది అనిపిస్తుంది.

ఏంటా రెండో మాట?

మనిషిని ఎప్పుడూ కేవలం ఒక సాధనంగా వాడకు, ఆ మనిషి తన జీవితానికి తానే ఒక గమ్యం అని గుర్తుపెట్టుకుని మసలుకో అని. దీన్ని జనం "ఎవరినీ వాడుకోకు" అని పలచగా అర్థం చేసుకుంటారు. మనం రోజూ ఒకరినొకరం వాడుకుంటూనే ఉంటాం, డ్రైవర్‌ని, డాక్టర్‌ని, తోబుట్టువుని, అది తప్పు కాదు, ఎందుకంటే వాళ్ళకి తెలుసు, ఒప్పుకున్నారు, కాదనే దారి ఉంది. అబద్ధపు మాటతో వాడుకోబడ్డ మనిషికి మాత్రం ఒప్పుకునే వీలే లేదు అంటాడు కాంట్, ఎందుకంటే ఏం జరుగుతోందో తెలిస్తే కదా ఔననో కాదనో అనేది. ఎఫైర్‌లో ఉన్న మనిషి ఇంట్లో వండిన అన్నం తింటాడు, జ్వరమొస్తే సేవ చేయించుకుంటాడు, పిల్లల్ని చూసుకోమని వదిలి వెళ్తాడు, ఇదంతా ఆవిడ ఒక షరతు మీద ఇస్తోంది, ఆ షరతు తాను తప్పానని దాచి ఇవన్నీ తీసుకుంటున్నాడు. ఆడవాళ్ళు చేసినా ఇదే లెక్క, "అతను" అని రాసిన ప్రతిచోటా "ఆమె" అని చదువుకోండి.

మరి ఇద్దరూ ఒప్పుకుని బయట సంబంధాలు పెట్టుకుంటే?

నిజంగా ఇద్దరూ ఒప్పుకుంటే పైన చెప్పిన వాదనల్లో చాలావరకు దానికి తగలవు. రిచర్డ్ వాసర్‌స్ట్రామ్ అనే అమెరికన్ ఫిలాసఫర్ 1975లో వచ్చిన ఒక వ్యాసంలో సరిగ్గా దీన్నే విడదీసి చూశాడు, ఎఫైర్‌లో తప్పు ఎక్కడుంది అంటే మాట తప్పడంలో ఉంది, మోసంలో ఉంది, ఆ రెండూ లేకపోతే శరీర సంబంధం దానంతటదే తప్పు అని చూపించడం తేలిక కాదు అని. ఇంకో లోతైన మోసం కూడా చూపించాడు, దగ్గరితనం అనేది ప్రేమకి గుర్తు అని ఇద్దరూ అనుకుంటున్న చోట, బయట దగ్గరయి ఇంట్లో ఏమీ లేనట్టు ఉండటం మన మనసు గురించే అబద్ధం చెప్పడం అని.

కాంట్ మాత్రం దీనికి ఒప్పుకునేవాడు కాదు, ఆయన దృష్టిలో పెళ్ళంటే జీవితాంతం, ఇద్దరి మధ్యనే. నేను ఇక్కడ ఆయన వైపు లేను. కానీ ఒప్పుకోవడం అంటే ఏంటో చూడాలి. "నువ్వు ఒప్పుకోకపోతే వెళ్ళిపోతా" అంటే, వెళ్ళడానికి వేరే ఇల్లు, చేతిలో డబ్బు లేని మనిషి తలూపితే అది ఒప్పుకోలు కాదు. అలాగే ఎఫైర్ మొదలయ్యాక, బయటపడ్డాక, "మనం ఓపెన్‌గా ఉందాం" అని తెచ్చే ప్రపోజల్‌ని చాలా అనుమానంగా చూడాలి.

పెళ్ళి గురించి కాంట్ చెప్పినవన్నీ మనం ఒప్పుకోవాలా?

అక్కర్లేదు, కొన్ని అస్సలు ఒప్పుకోకూడదు. 1797లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఆయన పెళ్ళిని ఇద్దరూ ఒకరి శరీరం మీద ఒకరు జీవితాంతం హక్కు తీసుకునే ఒప్పందంగా చెప్పాడు, ఇద్దరికీ సమానంగా. సమానంగా అన్న ముక్క బాగుంది. కానీ అక్కడే, భాగస్వామి వదిలి వెళ్ళినా, ఇంకొకరి సొంతమైనా, పోయిన వస్తువుని వెనక్కి తెచ్చుకున్నట్టు తెచ్చుకునే హక్కు రెండో మనిషికి ఉందన్నాడు. మనిషిని వస్తువులా చూడకు అన్న మనిషే ఈ మాట రాశాడు. ఆయన అసలు పెళ్ళే చేసుకోలేదు. అయినా ఆయన ఇచ్చిన కొలతతోనే కొలిస్తే ఈ మాట తప్పని తేలిపోతుంది, ఆ కొలత గట్టిదని చెప్పడానికి నాకు అది చాలు.

కోర్టులే నేరం కాదన్నాయి కదా, ఇంక నీతి ఏంటి?

నేరం కాదు అనడం, తప్పు కాదు అనడం ఒకటి కాదు. దక్షిణ కొరియా రాజ్యాంగ కోర్టు 2015 ఫిబ్రవరి 26న, భారత సుప్రీం కోర్టు 2018 సెప్టెంబర్ 27న ఈ నేరాన్ని కొట్టేశాయి. భారత్‌లో అప్పటిదాకా ఉన్న శిక్షాస్మృతి (ఐపీసీ) 497 సెక్షన్ 1860 నాటిది, దాని ప్రకారం ఇంకొకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగాడు నేరస్తుడు, అదే ఆ భర్త అనుమతి ఉంటే నేరమే లేదు. అంటే భార్య మాట ఎక్కడా లేదు, ఆమె భర్త ఆస్తి, ఆ ఆస్తిని అడక్కుండా వాడటమే నేరం! ఆ సెక్షన్ పోవడం కర్తవ్య నీతి ప్రకారం కూడా మంచిదే. ఎఫైర్ మాత్రం విడాకులకి కారణంగా అలాగే ఉంది. పోలీసులు రాకపోవడం వల్ల మీరిచ్చిన మాట రద్దవదు.

ఇంట్లో ప్రేమ చచ్చిపోయింది. లేని ప్రేమని డ్యూటీ పేరుతో ఎక్కడి నుంచి తేవాలి?

తేనక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు, కాంటే స్పష్టంగా చెప్పాడు, ఫీలింగ్‌గా ప్రేమని ఎవరూ ఆజ్ఞాపించలేరు అని. బాధ్యత ఉండేది మనం చేసే పనుల మీద, తీసుకునే నిర్ణయాల మీద. కాబట్టి "నాకు నీ మీద ప్రేమ పోయింది" అన్నది తప్పు కాదు. ఆ మాట ఇంట్లో చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా బయట ఇంకొకరికి చెప్పడం దగ్గర తప్పు మొదలవుతుంది. చాలా ఎఫైర్లలో ఫస్ట్ జరిగేది అదే గమనించండి, శరీరం కాదు, "మా ఇంట్లో నన్ను ఎవరూ అర్థం చేసుకోరు" అనే మాట.

విడిపోవడం కూడా బాధ్యతగా చేయొచ్చు, చెప్పి, పిల్లల సంగతి తేల్చి, డబ్బు సంగతి తేల్చి. అది కష్టం, నెలలు పడుతుంది, అందరి ముందూ మనం చెడ్డవాళ్ళం అవుతాం, ఎఫైర్‌లో ఈ బరువేదీ ఉండదు కాబట్టే జనం అటు వెళ్తారు. ఆ బరువంతా ఇంట్లో ఉన్న మనిషి మీద, తెలియకుండా, వాయిదా పద్ధతిలో పడుతుంది.

కొట్టే భర్త, నరకం చూపించే ఇల్లు. అక్కడ కూడా ఇదేనా?

కాదు. ఒక మనిషి రెండో మనిషిని రోజూ వస్తువులా చూస్తున్న చోట "మాట నిలబెట్టుకో" అని బాధితురాలికి పాఠం చెప్పడం అన్యాయం, ఆ మాట రెండు వైపులా ఇచ్చుకున్నది. ప్రాణభయం ఉన్న చోట నిజం దాచడాన్ని నేను మోసం అనను, కాంట్ అన్నా సరే. ముందు ఆవిడ క్షేమంగా బయటపడటం, అది అయ్యాకే మిగతా చర్చ.

భాగస్వామి ఏళ్ళ తరబడి కోమాలోనో, ఎవరినీ గుర్తుపట్టలేని మతిమరుపులోనో ఉంటే?

దీనికి నా దగ్గర పైన ఇచ్చినంత ధీమాగా జవాబు లేదు. ఇచ్చిన మాట ఉంది, కానీ ఆ మాట నుంచి విడిచిపెట్టగలిగిన మనిషి లేరు, అడగడానికి వీల్లేదు. నేను చూసేది రెండు. ఒకటి, చూసుకోవాల్సిన బాధ్యత నిలబడిందా, మందులు, స్నానం, పక్కన కూర్చోవడం, ఇవి సాగుతున్నాయా. రెండోది, తెలుసుకోగలిగిన వాళ్ళకి, అంటే పెద్ద పిల్లలకి, కొత్తగా వచ్చిన మనిషికి, అబద్ధం చెప్పకుండా ఉన్నారా. ఈ రెండూ ఉన్న మనిషిని మోసగాడు అనడానికి నాకు నోరు రాదు.

మూడో మనిషి తప్పెంత? ఆ మనిషికి పెళ్ళి కాలేదు, ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

తెలియకపోతే తప్పు సున్నా, వాళ్ళు కూడా మోసపోయిన వాళ్ళే. తెలిసి ఉంటే, మాట తప్పిన పాపం వాళ్ళది కాదు గానీ ఇంకొకరిని మోసం చేయడానికి చేయి కలిపిన బాధ్యత వాళ్ళదే. ఆ ఇంట్లో ఉన్న మనిషి కూడా మనిషే, ముఖం తెలియనంత మాత్రాన లేకుండా పోదు. అలా అని, "ఆ అమ్మాయి ఇల్లు కూల్చింది" అని మొత్తం ఆమె మీదే పెట్టేయడం నాకు ఒళ్ళు మండే విషయం. మాటిచ్చింది ఆమె కాదు, మాటిచ్చిన మనిషి పక్కనే తలవంచుకుని నిలబడి జాలి సంపాదించుకుంటాడు.

శరీరం దాకా వెళ్ళలేదు, మెసేజులే. అది కూడా ఎఫైరేనా?

మనసులో ఒక ఆకర్షణ పుట్టడం మన చేతిలో లేదు, దానికి తప్పు అంటగట్టలేం. చాట్ డిలీట్ చేసి, పేరు మార్చి కాంటాక్ట్ సేవ్ చేసుకోవడం మాత్రం మన చేతిలోదే.

అయిపోయింది, ఆపేశాను. ఇప్పుడు చెప్పేయాలా?

కాంట్ 1797లో బెంజమిన్ కాన్స్టంట్ అనే ఫ్రెంచ్ ఆలోచనాపరుడికి జవాబుగా ఒక చిన్న వ్యాసం రాశాడు, స్నేహితుణ్ణి చంపడానికి వచ్చిన హంతకుడు తలుపు దగ్గర అడిగినా అబద్ధం చెప్పకూడదు అని. అంత కఠినంగా ఇవాళ చాలామంది కాంట్ అభిమానులే నిలబడరు. 1930లో డబ్ల్యు. డి. రాస్ అనే బ్రిటిష్ ఫిలాసఫర్ దీన్ని కాస్త మనుషుల జీవితానికి దగ్గరగా తెచ్చాడు. మన మీద ఒకటి కాదు, చాలా బాధ్యతలు ఉంటాయి, మాట నిలబెట్టుకోవడం, చేసిన తప్పుకి పరిహారం చెల్లించడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చేయడం, మనల్ని మనం బాగుచేసుకోవడం, హాని చేయకపోవడం, ఇవి ఒకదానితో ఒకటి గొడవ పడతాయి, అప్పుడు ఈ పరిస్థితిలో ఏది బరువైనదో చూసుకోవాలి అన్నాడు. చెప్పడం అనేది పరిహారం వైపు లాగుతుంది, చెప్పకపోవడం హాని వద్దు అన్న వైపు లాగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, నేరుగా అడిగినప్పుడు మాత్రం అబద్ధం చెప్పకూడదు, అక్కడ రెండో ఆలోచన లేదు. అడగకపోయినా నేను చెప్పడం వైపే మొగ్గుతా, ముఖ్యంగా వాళ్ళ ఆరోగ్యానికి రిస్క్ ఉన్నప్పుడు, వాళ్ళు పెద్ద నిర్ణయం తీసుకోబోతున్నప్పుడు. "తను తట్టుకోలేదు" అని దాచే వాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి, తట్టుకోలేనిది తనా, తన ముఖం చూడలేనిది మీరా అని.

కానీ చెప్పే తీరులో కూడా మోసం ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఏడుస్తూ మొత్తం కక్కేసి, గుండె తేలికై మీరు నిద్రపోయి, తను తెల్లారే దాకా సీలింగ్ చూస్తూ ఉంటే, మళ్ళీ తనని మీ అవసరానికి వాడుకున్నట్టే. చెప్పేటప్పుడు ఓదార్పు అడక్కూడదు. "నువ్వు కూడా సరిగ్గా లేవు కదా" అనే జాబితా జేబులో పెట్టుకుని వెళ్ళకూడదు.

పిల్లల కోసం దాచడం కూడా డ్యూటీయే కదా?

పిల్లలకి అన్నీ చెప్పనక్కర్లేదు, అది నిజమే. కానీ పిల్లల పేరు చెప్పి భార్య దగ్గరో భర్త దగ్గరో దాచడం వేరు, అక్కడ పిల్లలు కూడా సాకుగా వాడబడుతున్నారు.

ఫలితాల నీతి తప్ప దీనికి ఎదురు చెప్పేవి ఇంకేమైనా ఉన్నాయా?

ఎదురు కాదు గానీ వేరే దారి, సద్గుణాల నీతి, అంటే మంచి మనిషి ఎలాంటి గుణాలతో ఉంటాడు అని అడిగేది. పాతకాలపు గ్రీకు ఫిలాసఫర్ అరిస్టాటిల్ ప్రతి గుణానికీ అతి, లోటు మధ్య ఒక సరైన కొలత ఉంటుందని చెప్తూ, దొంగతనం, హత్య, పరాయి దాంపత్యంలోకి వెళ్ళడం వీటికి మాత్రం మధ్యస్థం లేదన్నాడు. సరైన మనిషితో, సరైన టైంలో, సరైన పద్ధతిలో చేస్తే బాగుంటుంది అనే ప్రశ్నే ఉండదు అని.

మోసపోయిన మనిషికి క్షమించాల్సిన బాధ్యత ఉందా?

లేదు. క్షమాపణ అడిగే బాధ్యత ఒకరిది, ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా రెండోవాళ్ళ ఇష్టం, ఎప్పుడు అన్నది కూడా. "నెల అయింది, ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా" అనే హక్కు తప్పు చేసిన మనిషికి లేదు. కలిసి ఉంటూ క్షమించకపోవచ్చు, క్షమించి విడిపోవచ్చు.

పైన చెప్పిన ఆవిడ భర్తని ఏమీ తిట్టలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. ఒక నోట్‌బుక్ ముందు పెట్టి తారీఖులు రాయమంది, మొదలైన రోజు, కలిసిన రోజులు, ఆ కౌన్సెలింగ్ జరిగిన వారాల్లో కలిసినవి విడిగా. ఆయన "ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడట. "నేను ఏయే రోజు నిజంగా సంతోషంగా ఉన్నానో నాకు తెలియాలి" అంది. ఆయన రాశాడు, రెండు పేజీలు. కర్తవ్యం అని నేను ఇంతసేపు రాసింది ఆ రెండు పేజీల గురించే, అవి ఆవిడకి మొదటి రోజు నుంచీ బాకీ ఉన్నవి. తర్వాత ఏం చేయాలన్నది ఆవిడ ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, నాలుగు నెలలు తీసుకుని తేల్చుకుంది.